‘మనోడేలే’ అంటే తెరుచుకునే తలుపు: డేటా సెంటర్ కాపలా గురించి

అనంతపురంలో మే నెల మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం ఒక కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది, సర్వర్లు వాటంతట అవే ఆగిపోతున్నాయని. మూడో అంతస్తు ఎక్కి చూస్తే సర్వర్ రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది. మూసుకుపోకుండా కింద కడప బండ ముక్క ఒకటి అడ్డం పెట్టారు, గుమ్మంలో పెడస్టల్ ఫ్యాన్ పెట్టి లోపలికి గాలి కొట్టిస్తున్నారు. ఏసీ చెడిపోయి చాలా రోజులైందట. ఆ బండముక్క ఒక అంచు అరిగి నున్నగా అయింది, నేల మీద దాన్ని జరిపిన చోట అర్ధచంద్రాకారంలో గీత పడింది. అంటే అది నిన్నో మొన్నో పెట్టింది కాదు. తలుపు పక్కన గోడకు వేలిముద్ర మెషిన్ మాత్రం పచ్చ లైటుతో మెరుస్తూనే ఉంది.

లోపల సర్వర్లు బిగించే ఇనుప ర్యాక్ వెనకాల ఒకతను నేల మీద కూర్చుని, యూపీఎస్ ప్లగ్గులో సెల్ ఛార్జింగ్ పెట్టుకుని ఉన్నాడు. ఎవరని అడిగితే ల్యాబ్ అసిస్టెంట్ “మనోడేలే సార్, పక్క బిల్డింగులో పనికొచ్చినాడు” అన్నాడు. పేరేంటి అంటే తెలీదు. ఎవరు పిలిపించారు అంటే తెలీదు. వేల మంది పిల్లల మార్కులు, ఆధార్ నంబర్లు, ఫీజుల లెక్కలు అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి.

డేటా సెంటర్, అంటే సర్వర్లన్నీ ఒకచోట పెట్టి నడిపే భవనం, దాని ఫిజికల్ సెక్యూరిటీ గురించి ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ బండముక్కే. ఈ మధ్య అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కూడా. విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించినప్పటి నుంచి మన కర్నూలు, కడప వైపు కూడా డేటా సెంటర్ అన్న మాట టీ కొట్ల దగ్గర వినపడుతోంది. నీళ్లెన్ని తాగుతుంది, కరెంటెంత తింటుంది, మన పిల్లలకు ఉద్యోగాలెన్ని వస్తాయి అని అడుగుతారు, అడగాల్సిందే. కాపలా సంగతి వస్తే మాత్రం అందరి మనసులో ఒకటే బొమ్మ ఉంటుంది: ఎత్తు గోడ, దాని మీద ముళ్లకంచె, తుపాకీ పట్టుకున్న గార్డు, మూలమూలకో కెమెరా. అవి కావాలి, కాదనను. కానీ అసలు పనిలో అది చిన్న భాగం. నేను హైదరాబాద్‌లో పెద్ద డేటా సెంటర్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఇప్పుడు మన మూడు జిల్లాల్లో ఆసుపత్రులకు, కాలేజీలకు, చిన్న బ్యాంకులకు సర్వర్ రూములు చూసుకుంటున్నాను. రెండు చోట్లా నేను చూసింది ఒకటే. తలుపు పగలగొట్టుకుని వచ్చేవాడు ఎప్పుడో ఒకసారి వస్తాడు, మనమే తలుపు తెరిచి పట్టుకుంటే లోపలికి వచ్చేవాడు రోజూ వస్తాడు.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. “మాది టయర్ 3 డేటా సెంటర్ అండీ, సెక్యూరిటీకి ఢోకా లేదు” అని సేల్స్ వాళ్లు చెప్తుంటారు. అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే టయర్ 1 నుంచి టయర్ 4 దాకా ఉన్న రేటింగు కరెంటు, కూలింగు ఆగకుండా ఎంత నమ్మకంగా నడుస్తాయో చెప్పేది. టయర్ 3 అంటే ఏ ఒక్క భాగాన్ని రిపేరుకు తీసినా సర్వర్లు ఆపక్కర్లేదని అర్థం, టయర్ 4 అంటే ఒక భాగం ఉన్నట్టుండి చెడిపోయినా తట్టుకుంటుందని అర్థం. గేటు దగ్గర ఎవరిని ఆపుతున్నారో ఆ నంబరు చెప్పదు. దానికి వేరే ప్రమాణాలున్నాయి. ఐఎస్‌ఓ 27001 అనే సమాచార భద్రత ప్రమాణం కొత్త ఎడిషన్, అంటే 2022లో వచ్చినది, చూస్తే అందులో 93 నియంత్రణలుంటాయి, వాటిలో 14 అచ్చంగా గోడలు, తలుపులు, గదులు, సామాన్లు, తీగల గురించినవే. కాబట్టి ఎవరైనా టయర్ నంబరు చెప్పి భద్రత అంటే, ఆ 14 సంగతేంటని అడగండి.

ఇక పొరల సంగతి. గుత్తి కోట ఎక్కినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఒక ద్వారం దాటితే పైకి చేరినట్టు కాదు, ద్వారం తర్వాత ద్వారం వస్తూనే ఉంటుంది. ప్రతి ద్వారం దగ్గరా వచ్చినవాడికి ఆలస్యం అవుతుంది, పైనున్నవాడికి తెలిసిపోతుంది. డేటా సెంటర్ కూడా అంతే: ప్రహరీ, బిల్డింగు, ఆ అంతస్తు, సర్వర్ హాలు, హాల్లో ఇనుప జాలీతో కట్టిన కేజ్, కేజ్‌లో ర్యాక్. ఏ ఒక్క పొరకూ పూర్తిగా ఆపే శక్తి ఉండదు. ఒక్కో పొర కొన్ని నిమిషాలు ఆపితే చాలు, ఆ నిమిషాల్లో అలారం మోగి మనిషి రావాలి. మనిషి రావడానికి ఇరవై నిమిషాలు పట్టే చోట ఐదు నిమిషాలు ఆపే తలుపు పెట్టి లాభం లేదు. ఊరికి దూరంగా స్థలం చవకగా దొరికిందని కట్టేవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి. గుత్తి కోట నుంచి ఇంకో విషయం కూడా నేర్చుకోవచ్చు. కట్టినవాళ్లు గోడలతో ఆగలేదు, కొండ మీదే బావులు తవ్వుకున్నారు, ఎందుకంటే ముట్టడిలో గోడ కూలకముందే దాహం ఓడిస్తుంది. డేటా సెంటర్‌కు ఆ నీళ్లు కరెంటు, చల్లదనం. వాటి సంగతి తర్వాత చెప్తాను.

బయటి పొర గురించి ఎక్కువ చెప్పను. లారీని ఆపే ఇనుప స్తంభాలకు పరీక్షలుంటాయి. ఎం30 అంటే సుమారు 6,800 కిలోల బండి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గుద్దినా ఆపాలి, ఎం50 అంటే అదే బండిని 80 కిలోమీటర్ల వేగంలో ఆపాలి. పెద్దవాళ్లకు అవి కావాలి. 2021లో అమెరికాలో ఒకతను వర్జీనియాలోని అమెజాన్ డేటా సెంటర్‌ను పేల్చడానికి పేలుడు పదార్థం కొనబోయి పట్టుబడి పదేళ్ల శిక్ష పడ్డ సంగతి ఉంది కాబట్టి ఆ భయం ఊహాగానం కాదు.

గోడల దగ్గర మాత్రం ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఆఫీసుల్లో దాదాపు ప్రతిచోటా ఈ తప్పు చూస్తున్నాను. 2007 అక్టోబర్‌లో షికాగోలో సీఐ హోస్ట్ అనే కంపెనీ డేటా సెంటర్‌లోకి దొంగలు వచ్చారు. తలుపు జోలికి పోలేదు, గోడను రంపంతో కోసుకుని దూరారు, లోపలున్న ఉద్యోగిని షాక్ కొట్టే టేజర్‌తో లొంగదీశారు, 20 దాకా సర్వర్లు ఎత్తుకుపోయారు. అక్కడ అది మొదటి దొంగతనం కూడా కాదు. మన దగ్గర రంపం కూడా అక్కర్లేదు. ఇనుప తలుపు లక్ష రూపాయలది పెట్టి, పక్క గోడ జిప్సమ్ బోర్డుతో కట్టి, అది కూడా ఫాల్స్ సీలింగ్ దాకా కట్టి ఆపేస్తారు. స్టూలు వేసుకుని సీలింగ్ పలక ఒకటి పైకి ఎత్తితే పక్క గదిలోంచి ఇటువైపు దిగొచ్చు. గోడ కింద అసలు నేల నుంచి పైన స్లాబు దాకా ఉండాలి, మధ్యలో ఎక్కడా తెగకూడదు. కేబుల్ కోసం కొట్టిన రంధ్రాలు మంటను ఆపే పూతతో మూసేయాలి, అట్లా మూస్తే ఎలుకలు కూడా ఆగుతాయి. మన వైపు వానాకాలంలో కేబుళ్లు వేసే కాలువ, అదే ట్రెంచ్, గుండా పాములు రావడం కూడా నేను చూశాను, కాబట్టి ట్రెంచ్ మీద ఇనుప మెష్ పెట్టించుకోండి.

ఇప్పుడు తలుపు. అసలు కథ అంతా ఇక్కడే.

తలుపుకు తాళం వేయడం కష్టం కాదు, తాళం తీసినవాడి వెనకాలే ఇంకొకడు దూరకుండా ఆపడం కష్టం. మీరు కార్డు చూపించి తలుపు తీస్తారు, వెనకాల చేతిలో రెండు అట్టపెట్టెలు మోసుకుంటూ ఒకాయన వస్తున్నాడు, మీరేం చేస్తారు? తలుపు పట్టుకుంటారు. మనం పెరిగిన తీరే అంత, బరువు మోస్తున్నవాడి ముఖం మీద తలుపు వేయడం మనకు చేతకాదు. మోసం చేయాలనుకునేవాడికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే పెద్ద డేటా సెంటర్లలో ఆ మర్యాదను మనిషి చేతిలోంచి తీసేస్తారు. ఒక చిన్న గదికి రెండు తలుపులుంటాయి, మొదటిది మూసుకుంటే తప్ప రెండోది తెరుచుకోదు, లోపల ఒక్కరే ఉన్నారని బరువును బట్టో, కెమెరాను బట్టో, సెన్సార్‌ను బట్టో మెషిన్ తేల్చుకున్నాకే లోపలి తలుపు తీస్తుంది. మ్యాన్‌ట్రాప్ అంటారు. మొదటిసారి అందులో నిలబడితే ఊపిరాడనట్టు ఉంటుంది. నాకు వారం రోజులు టెన్షన్‌గా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. కార్డు లోపలికి చూపించినవాడు బయటికి వచ్చేటప్పుడు కూడా చూపిస్తేనే మళ్లీ లోపలికి అనుమతి దొరికే ఏర్పాటు కూడా ఉంటుంది, దాంతో ఒకడు లోపలికి వెళ్లి కార్డు కిటికీలోంచి ఇంకొకడికి ఇవ్వడం కుదరదు.

చిన్న చోట్ల మ్యాన్‌ట్రాప్ కట్టలేం. కానీ తలుపును దానంతట అదే మూసే క్లోజర్, తలుపు ముప్పై సెకన్లకు మించి తెరిచి ఉంటే మోగే చిన్న అలారం పెట్టొచ్చు. ఆ కాలేజీలో ఆ అలారం ఉండుంటే బండముక్క మొదటి రోజే బయటపడేది.

వేలిముద్ర గురించి. రేషన్ షాపు దగ్గర ముసలివాళ్లు వేలు తుడిచి తుడిచి పెట్టినా మెషిన్ “పడలేదు” అనడం మనందరం చూసినదే. సర్వర్ రూములో కూడా అదే జరుగుతుంది. ఒకచోట కాపలాదారు అంతకుముందు బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. పది వేళ్లూ ప్రయత్నించారు, మెషిన్ తీసుకోలేదు. సరే అని ఆయనకు ఒక కార్డు ఇచ్చారు. అక్కడి దాకా తప్పేం లేదు, వేలిముద్ర పడనివాళ్లకు ఇంకో దారి ఉండాల్సిందే. తప్పు ఎక్కడ జరిగిందంటే ఆ కార్డు ఆయన పేరు మీద కాకుండా “కామన్” అని పెట్టారు. నెల తిరిగేసరికి ఏసీవాళ్లు, ఊడ్చేవాళ్లు, కేబుల్ లాగేవాళ్లు అందరూ ఆ కార్డే వాడుతున్నారు. ఒక హార్డ్ డిస్క్ కనిపించకుండా పోయినప్పుడు కార్డు ఎప్పుడెప్పుడు వాడారో దాచే లాగ్ తీసి చూస్తే రోజుకు ముప్పైసార్లు ‘కామన్’ లోపలికి వెళ్లాడు. కామన్ ఎవరు? ఎవరూ కాదు. ముందు అనుమానం మాత్రం ఆ కాపలాదారు మీదే పడింది, కార్డు ఆయన దగ్గరే ఉండేది కదా. డిస్క్ తర్వాత దొరికింది, వారంటీకి పంపిన పెట్టెలో ఉంది. కానీ ఆ రెండు రోజులు ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. పేరు పేరున కార్డు ఇవ్వడం దొంగను పట్టుకోవడానికే కాదు, దొంగ కానివాణ్ని కాపాడటానికి కూడా.

ర్యాక్ తాళాల సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నా. చాలా కంపెనీల ర్యాకులకు ఫ్యాక్టరీ నుంచి వచ్చే తాళంచెవి ఒక్కటే ఉంటుంది, మీ ర్యాక్ చెవితో పక్కవాడి ర్యాక్ కూడా తెరుచుకుంటుంది. ఒకసారి మీ దగ్గర ప్రయత్నించి చూడండి. పది మంది కస్టమర్ల ర్యాకులు ఒకే హాల్లో ఉండే చోట ఇది పెద్ద విషయం.

తలుపుల్లో అన్నిటికంటే చిక్కైనది కరెంటు పోయినప్పుడు తాళం ఏం చేయాలి అన్నది. తలుపు పైన ఉండే అయస్కాంతపు తాళం కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, కరెంటు పోతే వదిలేస్తుంది. ఇంకో రకం తాళం కరెంటు పోతే బయటివైపు నుంచి బిగిసిపోతుంది, లోపలున్నవాళ్లు హ్యాండిల్ తిప్పి బయటికి రావొచ్చు. ఏది మంచిది? సెక్యూరిటీ వాళ్లు బిగిసేది అంటారు, ఫైర్ వాళ్లు వదిలేసేది అంటారు. ఇద్దరూ తమ పని తాము చేస్తున్నారు. నా మటుకు నాకు ఇందులో సందేహం లేదు: లోపలున్న మనిషి ఏ తాళంచెవీ, ఏ కార్డూ, ఏ పాస్‌వర్డూ లేకుండా ఒక్క తోపుతో బయటపడగలగాలి, ఎప్పుడైనా, చీకట్లో అయినా. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే. లోపలి నుంచి స్వేచ్ఛగా తెరుచుకుంటూ బయటి నుంచి బిగిసే తాళాలు దొరుకుతాయి, కాస్త ఖర్చవుతుంది. నేను చూసిన ఒక ఆసుపత్రిలో అయస్కాంతపు తాళాన్ని మామూలు లైన్ మీద వేశారు, యూపీఎస్ మీద వేయలేదు. కర్నూలు ఎండల్లో కరెంటు పోయిన ప్రతిసారీ జనరేటర్ అందుకునే దాకా ఆ సర్వర్ రూము తలుపు తెరిచిన ఇల్లే. ఒక తీగ మార్చితే సరిపోయింది.

అతి జాగ్రత్త కూడా ఎట్లా కొడుతుందో ఫేస్‌బుక్ అనుభవం చెప్తుంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ప్రపంచమంతా దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి, మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రాత్రి అందరం మన నెట్టే పోయిందనుకుని ఫోన్లు ఆఫ్ చేసి ఆన్ చేసుకున్నాం. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వల్ల వాళ్ల డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్ మొత్తం తెగిపోయింది. దూరం నుంచి సరిచేసే దారి లేదు, ఇంజినీర్లనే స్వయంగా అక్కడికి పంపాలి. కానీ ఆ బిల్డింగులు సులభంగా లోపలికి పోలేనట్టు కట్టినవి, లోపలికి పోయాక కూడా మెషిన్ల మీద చెయ్యి పెట్టడం కష్టంగా ఉండేలా చేసినవి. అందుకే ఆలస్యమైందని కంపెనీ ఇంజినీర్లే తర్వాత రాశారు. తాళం తీసే సిస్టమ్ అదే నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉంటే, నెట్‌వర్క్ పడిపోయిన రోజు మీ ఇంటికి మీరే పరాయివాళ్లవుతారు. కాబట్టి సీలు వేసిన కవర్లో ఒక అసలైన ఇనుప తాళంచెవి ఉండాలి, అది ఎక్కడుందో ఇద్దరికి తెలియాలి, ఏడాదికి రెండుసార్లయినా దాంతో తలుపు నిజంగా తెరిచి చూడాలి.

కెమెరాల గురించి జనానికి ఉన్న నమ్మకం నాకు లేదు, వాటి మీద కోపమూ లేదు. కెమెరా ఎవరినీ ఆపదు, జరిగాక చెప్తుంది. అది చెప్పాలంటే మూడు సంగతులు కుదరాలి. ముఖం పడాలి, సీలింగుకు నిట్టనిలువుగా బిగిస్తే నెత్తి వెంట్రుకలు తప్ప ఏమీ కనపడవు. రికార్డింగ్ పెట్టె, అదే ఎన్‌వీఆర్, కెమెరా చూస్తున్న గదిలోనే ఉండకూడదు, ఉంటే దొంగ దాన్ని కూడా చంకలో పెట్టుకుపోతాడు. మూడోది గడియారం. కడపలో ఒకచోట రాత్రిపూట ఎవరో సర్వర్ రూములో స్విచ్ ఆపేశారు. కార్డు లాగ్ ప్రకారం లోపలికి వెళ్లింది 11:42కి. కెమెరాలో 11:42కి ఖాళీ వరండా. అరగంట తల పట్టుకున్నాక అర్థమైంది, కెమెరా గడియారం ఏడు నిమిషాలు వెనకుంది, సర్వర్ గడియారం రెండు నిమిషాలు ముందుంది, సెక్యూరిటీ రిజిస్టర్లో రాసే టైము కాపలాదారు చేతి వాచీది. మూడు గడియారాలు మూడు కథలు చెప్తున్నాయి. అన్నిటినీ ఒకే టైమ్ సర్వర్‌కు కలపడం పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. ఎన్ని రోజులు దాచాలి అంటే, కార్డు పేమెంట్ల డేటా ఉన్నచోట పీసీఐ ప్రమాణం కనీసం మూడు నెలలు ఉంచమంటుంది. కంప్యూటర్ లాగుల విషయంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో రిపోర్టు చేయాలి. మూడు గడియారాలు మూడు టైములు చూపిస్తుంటే ఆ ఆరు గంటలు ఏం జరిగిందో తేల్చుకోవడానికే సరిపోతాయి.

ఇప్పుడు నీళ్లు, నిప్పు, వేడి. ఇవి సెక్యూరిటీ కాదు మెయింటెనెన్స్ అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. డేటాకు జరిగే నష్టం ఒకటే, దొంగ తీసుకుపోతేనేం, వరద తీసుకుపోతేనేం.

2009 అక్టోబర్ 2న కర్నూలు ఏమైందో మనవాళ్లెవరూ మరిచిపోరు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి పాత ఊరంతా మునిగింది, జనం మిద్దెల మీద రాత్రి గడిపారు. కరువు సీమ అని పేరు పడ్డ చోట వరద వస్తుందని ఎవరు అనుకున్నారు? 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. అయినా ఇప్పటికీ నేను వెళ్లే చాలా ఆఫీసుల్లో బ్యాటరీలు, మెయిన్ ప్యానెల్, జనరేటర్ అన్నీ కింద సెల్లార్‌లోనే. సర్వర్లు పైన ఉన్నాయి కదా అంటారు. 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఒక డేటా సెంటర్‌కు సరిగ్గా అదే జరిగింది. జనరేటర్ 17వ అంతస్తులో క్షేమంగా ఉంది, దానికి డీజిల్ ఎక్కించే పంపులు బేస్‌మెంట్లో మునిగిపోయాయి. అక్కడి ఉద్యోగులు, కస్టమర్లు కలిసి చీకట్లో మెట్ల మీదుగా బకెట్లతో డీజిల్ మోసి సర్వర్లను నిలబెట్టుకున్నారు. స్థలం చూసేటప్పుడు ఊళ్లో పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి, నీళ్లు ఎక్కడి దాకా వచ్చినాయి అని. గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. దానికంటే పైన కట్టండి.

నిప్పు విషయంలో ఈ మధ్య భయం దిశ మారింది. ఒకప్పుడు షార్ట్ సర్క్యూట్ అనేవాళ్లం, ఇప్పుడు బ్యాటరీ. 2022 అక్టోబర్‌లో దక్షిణ కొరియాలో పంగ్యో దగ్గర డేటా సెంటర్‌లో బ్యాటరీల గది అంటుకుని, ఆ దేశంలో అందరూ వాడే కకావోటాక్ మెసేజింగ్ యాప్ ఆగిపోయింది. 2025 సెప్టెంబర్ 26న అదే దేశంలో దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలను వేరే చోటికి మార్చే పని జరుగుతుండగా మంటలొచ్చాయి. 709 ప్రభుత్వ సిస్టమ్‌లు నిలిచిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే నిల్వలో 858 టెరాబైట్లు, బయట బ్యాకప్ లేక, పూర్తిగా పోయాయి. అక్కడ దొంగ లేడు, హ్యాకర్ లేడు, గోడ దూకినవాడు లేడు. మామూలుగా జరగాల్సిన ఒక పని, పిలిపించిన మనుషులు. బ్యాటరీలు సర్వర్ల పక్కన కాకుండా మంటను ఆపే గోడ అవతల వేరే గదిలో ఉండాలని, వాటి మీద పని జరిగే రోజు తెలిసినవాడు పక్కన నిలబడాలని ఆ ఘటన గుర్తుచేస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలకైనా గాలి ఆడాలి, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి, గది బిగించి మూస్తే అదే ప్రమాదం.

మంట ఆర్పడానికి నీళ్లు కాకుండా గ్యాస్ వాడతారని వినే ఉంటారు. అందులోనూ మెలికలున్నాయి. 2016 సెప్టెంబర్‌లో బుకారెస్ట్‌లో ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో ఫైర్ డ్రిల్ చేస్తూ గ్యాస్ వదిలారు. ఆ గ్యాస్ దూసుకొచ్చిన శబ్దానికే హార్డ్ డిస్కులు చెడిపోయి, బ్యాంకు సేవలు దాదాపు పది గంటలు ఆగాయి. డిస్క్ లోపల తిరిగే పళ్లేనికి, దాన్ని చదివే తలకు మధ్య ఉండే సందు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం, పెద్ద శబ్దం కూడా దానికి దెబ్బే. ఇప్పుడు శబ్దం తగ్గించే నాజిల్స్ దొరుకుతున్నాయి. కార్బన్ డయాక్సైడ్ నింపే పాత సిస్టమ్ ఎక్కడైనా ఉంటే మాత్రం దయచేసి జాగ్రత్త, మంట ఆర్పేంత మోతాదులో అది మనిషి ప్రాణం తీస్తుంది. ఆ గదిలో ఊడ్చే మనిషికి కూడా ఆ సైరన్ మోగితే పరుగెత్తాలని చెప్పి ఉండాలి. రాసి అంటిస్తే చాలదు, నోటితో చెప్పాలి, ఆమెకు అర్థమైందో లేదో చూడాలి.

వేడి గురించి ఒకే మాట. సర్వర్ లోపలికి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఏసీ ఇంజినీర్ల సంఘం యాష్రే సిఫార్సు. అనంతపురంలో మేలో బయట 42 డిగ్రీలుంటే ఆ తేడాను మోసేది ఏసీ ఒక్కటే. అది ఒక్కటే ఉంటే, ఏదో ఒకరోజు అది ఆగుతుంది, ఆగిన రోజు తలుపు తెరుస్తారు. బండముక్క అట్లా వస్తుంది. అందుకే నేను ఎప్పుడూ అంటాను, రెండో ఏసీ కొనడం సెక్యూరిటీ ఖర్చే అని. అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోరు, అయినా అంటూనే ఉంటాను.

చివరి తలుపు బయటికి వెళ్లేది. లోపలికి వచ్చేవాణ్ని పట్టి పట్టి చూసే చోట కూడా బయటికి పోయే సామాను ఎవరూ చూడరు. పాత సర్వర్లు, పాత డిస్కులు పాత సామాన్ల బండికి కిలో లెక్కన పోతాయి. మోర్గాన్ స్టాన్లీ అంతటి బ్యాంకు డేటా సెంటర్లు ఖాళీ చేసేటప్పుడు సామాన్లు మోసే కంపెనీకి డిస్కులు అప్పగించింది, డేటా చెరపడంలో ఏ అనుభవమూ లేని కంపెనీకి. కొన్ని కస్టమర్ల వివరాలతో సహా ఇంటర్నెట్ వేలంలో తేలాయి. 2022 సెప్టెంబర్‌లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర కూడా 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉండొచ్చు. డిలీట్ కొట్టడం, ఫార్మాట్ చేయడం చెరపడం కాదు. పళ్లెం తిరిగే పాత డిస్కును పెద్ద అయస్కాంతంతో చెరపొచ్చు, తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీ మీద అయస్కాంతం పనిచేయదు, దాన్ని ముక్కలు చేయాలి, లేదా మొదటి రోజు నుంచే కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచి చివర్లో కీ నాశనం చేయాలి. ప్రతి డిస్కు సీరియల్ నంబరు వచ్చినప్పుడు ఒకచోట, పోయినప్పుడు ఒకచోట రాసి ఉండాలి, రెండూ సరిపోవాలి.

ఆ కాలేజీలో తర్వాత ఏం చేశామంటే, రెండో ఏసీ పెట్టించాం, రెండూ వారం మార్చి వారం నడుస్తాయి. తలుపుకు క్లోజర్, అలారం. గోడను స్లాబు దాకా ఇటుకతో లేపించాం, పని రెండు రోజులు పట్టింది. ఎన్‌వీఆర్‌ను ప్రిన్సిపాల్ గది బీరువాలోకి మార్చాం. గుమ్మం దగ్గర టేబుల్ మీద నూరు పేజీల నోట్‌బుక్కు, తాడుతో కట్టిన పెన్ను: పేరు, ఎవరు పిలిపించారు, ఏం పని, లోపలికి తెచ్చింది, బయటికి తీసుకెళ్తున్నది, టైము. మొదటి వారం అందరికీ విసుగొచ్చింది. పోయిన నెల వెళ్లినప్పుడు నేను అలవాటుగా నేరుగా తలుపు దగ్గరికి పోతే ల్యాబ్ అసిస్టెంట్ లేచి నిలబడి, “సార్, మీరే గానీ, ముందు ఇక్కడ రాయండి” అన్నాడు. రాశాను. ఏం తెచ్చారు అన్న గడిలో ల్యాప్‌టాప్ అని రాస్తే, సంచి తెరిచి చూసి, “పెన్ డ్రైవ్ కూడా ఉంది కదా సార్, అది రాయలేదు” అన్నాడు.